పొడిలో ఏముంది? చూర్ణాన్ని ప్లాస్మాలోకి పంపిన చరిత్ర

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో, 1980ల చివరిలో, నలభై ఏళ్లు దాటిన ఒక చేనేత కార్మికుడు విపరీతమైన కడుపునొప్పితో మా వద్దకు వచ్చాడు. మూడు నెలలుగా మలబద్ధం, నీరసం, ఆకలి లేకపోవడం. అంతకు ముందు వేరొకచోట అపెండిక్స్ వాపుగా భావించి శస్త్రచికిత్స చేశారట. కోత మానింది గాని నొప్పి మానలేదు. అతని చిగుళ్ల అంచున సన్నని నీలిగీత కనిపించింది. రక్తపు పూతను సూక్ష్మదర్శిని క్రింద ఉంచితే ఎఱ్ఱకణాలలో నీలపు చుక్కలు. ఈ రెండూ కలిసి కనిపించినప్పుడు ఏ వైద్యుడికైనా తట్టవలసినది సీసమే.

ఏ మందులు వాడుతున్నావని అడిగితే, "మందులేమీ లేవండీ, చక్కెర జబ్బుకు పొడి మాత్రం వేసుకుంటున్నాను" అన్నాడు. మర్నాడు అతని భార్య ఒక కాగితపు పొట్లం తెచ్చి ఇచ్చింది. బూడిదరంగు చూర్ణం, వేలితో నలిపితే గంధపు పొడి కన్న మెత్తగా ఉంది. దానిని పరీక్షకు పంపాను. నెలన్నర తరువాత వచ్చిన జవాబు ఇది: నమూనా నత్రికామ్లంలో పూర్తిగా కరగలేదు, కరిగిన భాగంలో సీసం ఉన్నది, కరగని భాగం గురించి అభిప్రాయం చెప్పజాలము.

ఆ చివరి వాక్యం నన్ను చాలాకాలం వేధించింది. మనిషి మింగినది పొడి మొత్తాన్ని. పరీక్షకు అందినది అందులో కరిగిన భాగం మాత్రమే. అయితే ఆ పొడిని పొడిగానే యంత్రంలోకి పంపి, అందులో ఏ మూలకం ఎంతున్నదో తెలుసుకునే మార్గం లేదా? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే అది నూట అరవై ఏళ్లకు పైబడిన కథ అని తెలిసింది. ఆ కథలో మన గుంటూరుకు కూడా చిన్న చోటున్నది.

1859లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో రాబర్ట్ బున్సెన్, గుస్టావ్ కిర్కాఫ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రతి మూలకానికీ జ్వాలలో దానిదైన కాంతిరేఖలు ఉంటాయని నిరూపించారు. వారి పద్ధతి మన వంటింటి అనుభవానికి దూరమైనది కాదు. పొయ్యి మీది అన్నం పొంగి ఉప్పునీరు మంటలో పడితే మంట పసుపుపచ్చగా మెరుస్తుంది. అది సోడియం రంగు. వారు ప్లాటినం తీగ కొసను చిన్న ఉచ్చుగా వంచి, దానికి లవణాన్ని అంటించి, మంటలో ఉంచి, వెలువడిన కాంతిని పట్టకం ద్వారా విడదీసి చూశారు. డ్యుర్క్‌హైమ్ ఊటనీటిని 40 టన్నులకు పైగా మరిగించి ఇగిర్చి, మిగిలిన లవణాలలో రెండు నీలిరేఖలను బట్టి 1860లో సీజియం అనే కొత్త మూలకాన్ని కనుగొన్నారు. మరుసటి ఏడు రుబీడియం.

మీరు గమనించారా? మొట్టమొదటి నమూనా ఘనపదార్థమే. తీగకు అంటిన ఉప్పు. అది "ఏమిటి" అన్న ప్రశ్నకు చాలింది గాని, "ఎంత" అన్న ప్రశ్నకు చాలలేదు. తీగకు ఒకసారి ఎక్కువ అంటుతుంది, ఒకసారి తక్కువ. మంటలో ఒక ఉప్పు చప్పున ఆవిరవుతుంది, ఇంకొకటి నిదానంగా. ఈ చిక్కు ఆనాడు మొదలై ఈనాటికీ పూర్తిగా వీడలేదు.

నమూనాను మంటలో పెట్టే బాధ లేని వస్తువు ఒక్కటే, సూర్యుడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో వర్ణపటదర్శినులతో కాచుకున్నారు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల ప్రకాశరేఖలు ఎంత స్పష్టంగా కనిపించాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే జాన్సెన్ వాటిని మళ్ళీ చూడగలిగాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ పసుపురేఖ సోడియంది కాదని తేల్చాడు. ఆ మూలకానికే తరువాత హీలియం అని పేరు పెట్టారు. హీలియాన్ని గుంటూరులోనే కనుగొన్నారని మనవారు కొందరు గర్వంగా రాస్తుంటారు; అంత సూటిగా చెప్పడం సరికాదు గాని, ఆ పరిశోధనలో గుంటూరు ఒక మెట్టు అనడం నిజం. భూమి మీద హీలియాన్ని 1895లో విలియం రామ్సే ఒక ఖనిజం నుండి వెలికితీశాడు. అంతకు ఒక ఏడాది ముందు, 1894లో, ఆయనే లార్డ్ రేలీతో కలిసి గాలిలో ఆర్గాన్ వాయువును కనుగొన్నాడు. ఈ ఆర్గాన్‌ను గుర్తుంచుకోండి, మన కథకు అదే ప్రాణం.

సూర్యుడి సంగతి అలా ఉండగా, భూమి మీది పదార్థాలను మంటలోకి క్రమబద్ధంగా పంపే ఉపాయం ద్రావణం వల్ల దొరికింది. 1879లో ఫ్రాన్సులో జార్జ్ గూయీ లవణ ద్రావణాన్ని గాలి వేగంతో సన్నని తుంపరగా చేసి మంటలోకి పంపాడు. 1929 ప్రాంతంలో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు హెన్రిక్ లుండెగార్డ్ ఎసిటిలీన్ జ్వాలతో ఈ పద్ధతిని కచ్చితమైన కొలతగా మలిచాడు. ఆయన కొలవదలచినవి మొక్కలలోని లవణాలు. 1945 తరువాత ఇదే ఫ్లేమ్ ఫోటోమీటరుగా ఆసుపత్రులకు వచ్చింది. నా వైద్యవిద్యార్థి దశలో రక్తపు రసిని నీటితో పలుచన చేసి ఆ యంత్రం గొట్టానికి అందిస్తే, జ్వాల రంగు మారి, ముల్లు కదిలి, సోడియం, పొటాషియం విలువలు తెలిసేవి. రక్తం ద్రవం కాబట్టి వైద్యులకు ఇబ్బంది లేకపోయింది. రాయి, మట్టి, లోహపు బూడిద, ఎముక, భస్మం, ఇవి ద్రవాలు కావు కదా.

ఘనపదార్థాల వారు ఇంకొక దారి పట్టారు. రెండు కర్బనపు కడ్డీల మధ్య విద్యుత్తు చాపాన్ని వెలిగించడం. క్రింది కడ్డీ తలలో చిన్న గుంట తొలిచి, పొడిని గ్రాఫైటు పొడితో కలిపి అందులో కూరి, చాపం వెలిగిస్తే పొడి ఆవిరై వెలుగుతుంది. 1930లలో జర్మనీలోని గ్యోటింగెన్‌లో విక్టర్ గోల్డ్‌ష్మిట్ బృందం శిలలలో అరుదైన మూలకాల లెక్క తీసింది ఈ పద్ధతితోనే. భూరసాయనశాస్త్రానికి పునాది పడింది ఇక్కడే అనవచ్చు.

అయితే గుంటలోని పొడి అంతా ఒక్కసారి ఆవిరి కాదు. పాదరసం 357 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది. సీసం మరగాలంటే 1749 డిగ్రీలు కావాలి. జిర్కోనియం ఆక్సైడు 2700 డిగ్రీలు దాటితే గాని కరగనే కరగదు. కాబట్టి మొదటి క్షణాలలో పాదరసం, ఆర్సెనిక్ లేచిపోతాయి, తరువాత సీసం, చివర ఎక్కడో మొండి ఆక్సైడ్లు. మధ్యలో ఆపితే లెక్క తప్పు. చివరిదాకా కాలిస్తే మొదట లేచిపోయినవి మసక. వేపుడుకు ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఒకేసారి బాణలిలో వేసినప్పుడు జరిగేదే ఇది.

ఈ లోపాన్ని ఉపయోగంగా మార్చుకున్న ఘట్టం ఒకటుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు పథకానికి అత్యంత శుద్ధమైన యురేనియం కావలసి వచ్చింది. యురేనియం వర్ణపటంలో వేలకొద్దీ రేఖలు. వాటి గుంపులో మలినాల రేఖలు కనిపించవు. అమెరికా ప్రమాణాల సంస్థలో స్క్రిబ్నర్, మల్లిన్ అనే ఇద్దరు యురేనియం ఆక్సైడు పొడిలో 2 శాతం గాలియం ఆక్సైడు కలిపారు. గాలియం ఆవిరవుతూ మలినాలను తనతో పాటు చాపంలోకి మోసుకుపోతుంది, మొండిదైన యురేనియం గుంటలోనే మిగిలిపోతుంది. 1946లో ఈ పద్ధతిని ప్రచురించారు. మన పొడి కథలో ఇంత తెలివైన ఉపాయం మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక ప్లాస్మా సంగతి. వైద్యులకు ప్లాస్మా అంటే రక్తకణాలు తేలియాడే ద్రవం. భౌతికశాస్త్రంలో ఆ మాటను అయనీకరణ చెందిన వాయువుకు పెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు అర్వింగ్ లాంగ్‌మ్యూర్, 1928లో. రక్తపు ప్లాస్మా కణాలను మోసినట్లు ఈ వాయువు ఎలక్ట్రానులను, అయానులను మోస్తుందని ఆయనకు తోచిందట. ఆయన సహోద్యోగి హరాల్డ్ మాట్-స్మిత్ చెప్పిన జ్ఞాపకమిది. ఈ మాట మా ఇంటినుండే వెళ్లిందని తెలిసి నాకు కొంత సంతోషం కలిగింది.

1961లో అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన లింకన్ ప్రయోగశాలలో థామస్ రీడ్ ఒక గాజు గొట్టంలో ఆర్గాన్ వాయువును పారించి, చుట్టూ రాగితీగ చుట్ట బిగించి, అధిక పౌనఃపున్యపు విద్యుత్తుతో నిలకడైన ప్లాస్మా జ్వాలను వెలిగించాడు. ఎలక్ట్రోడు లేదు, ఇంధనం లేదు, దహనమూ లేదు. ఉష్ణోగ్రత సూర్యుని ఉపరితలాన్ని మించినది. ఆయన దానిని దేనికి వాడాడో తెలుసా? పొడిని పోయడానికే! అంతకు అరవై ఏళ్ల క్రితం ఫ్రాన్సులో వెర్నోయ్ అల్యూమినా పొడిని మంటలోకి రాల్చి కృత్రిమ కెంపులు చేశాడు. రీడ్ అదే పనిని ప్లాస్మాతో చేసి మొండి ఆక్సైడుల స్ఫటికాలు పెంచాడు. మూలకాల పరీక్ష ఆయన లక్ష్యం కానే కాదు.

దానిని పరీక్షకు పనిముట్టుగా మార్చినవారు ఇంగ్లండులోని ఓల్డ్‌బరీలో స్టాన్లీ గ్రీన్‌ఫీల్డ్ బృందం, 1964లో. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వెల్మర్ ఫాసెల్, రిచర్డ్ వెండ్ట్, 1965లో. ఎవరు ముందన్న చర్చ వారి శిష్యుల మధ్య చాలాకాలం నడిచింది. అసలు చిక్కు ఏమిటంటే, ప్లాస్మా నిండు ముద్దగా ఉంటే లోపలికి ఏదీ చొరబడదు. వేడికి ఉబ్బే వాయువు నమూనాను పక్కలకు నెట్టేస్తుంది. కాని విద్యుత్తు ప్లాస్మా అంచులలోనే ఎక్కువ ప్రవహిస్తుంది కాబట్టి, మధ్యలో సన్నని ఆర్గాన్ ధార పంపితే ప్లాస్మా గారెలాగ మధ్యలో తూటుతో నిలుస్తుంది. ఆ తూటు గుండా నమూనా నేరుగా పోతుంది. ఒకదానిలో ఒకటిగా మూడు స్ఫటికశిల గొట్టాలు, వెలుపల నిమిషానికి సుమారు 15 లీటర్ల ఆర్గాన్, మధ్యధారలో ఒక లీటరు. నేటి యంత్రాలలో కూడా ఈ అమరిక దాదాపు ఇదే.

అయితే నమూనా ఆ తూటులో ఉండేది కొన్ని మిల్లీసెకనులు మాత్రమే. ఆ క్షణంలో అది ఆవిరై, అణువులు విడిపోయి, పరమాణువులై వెలగాలి. ద్రావణపు తుంపరకు అది సాధ్యం. పొడి రేణువుకు? రేణువు పెద్దదైతే పైపై పొర మాత్రం ఆవిరై, మిగిలినది గులకరాయిలాగ ఆవలి వైపుకు దూసుకుపోతుంది.

అయినా తొలిరోజులలో పొడి మీద ఆశ వదులుకోలేదు. 1967లో హోర్, మోస్టిన్ అనే ఇద్దరు ద్రావణాలతో పాటు పొడులను కూడా ప్లాస్మాలోకి పంపి ఫలితాలు ప్రకటించారు. 1971లో డాగ్నాల్, వెస్ట్, గ్రీన్‌ఫీల్డ్ ప్రభృతులు పొడిని ఒక పాత్రలో వాయుధారతో తేలించి, ఆ దుమారాన్ని ప్లాస్మాకు అందించారు. దీనిలోని కష్టం మన ఆడవారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ముగ్గు వేసేటప్పుడు పొడి వేళ్ల సందునుండి సమంగా జారాలి. పొడి తడిసినా, మరీ మెత్తనైనా ఉండకట్టి ఆగుతుంది, ఆగి ఒక్కసారిగా కుప్పపడుతుంది. ప్లాస్మాలోకి పోయే పొడి కూడా అంతే. తేలికైన రేణువులు ముందు లేస్తాయి, బరువైనవి అడుగున ఉంటాయి. గొట్టాల గోడలకు అంటుకుంటాయి. ముగ్గు గీత ఒకచోట లావైతే ముచ్చట చెడుతుంది, అంతే. ఇక్కడ గీత లావైతే సీసం ఎక్కువున్నట్లు నివేదిక వస్తుంది.

ఆ కారణంగా 1970ల మధ్యలో యంత్రాలు అంగడికి వచ్చేసరికి ద్రావణమే రాజమార్గమైంది. రాయైనా, ఎముకైనా ఆమ్లాలలో కరిగించి తెమ్మన్నారు. 1975లో అబూ-సమ్రా ప్రభృతులు జీవపదార్థాలను ఆమ్లంతో కలిపి మైక్రోవేవ్ పొయ్యిలో కరిగించి చూపాక ఆ పని వేగవంతమైంది. 1980లో సామ్ హౌక్, ఫాసెల్, ఆలన్ గ్రే మున్నగువారు ప్లాస్మాలోని అయానులను ద్రవ్యరాశి మాపకానికి అందించాక, వంద కోట్ల భాగాలలో ఒక భాగాన్ని, అంతకంటె తక్కువను కూడా పట్టుకోవడం సాధ్యమైంది.

కాని కరిగించడమే ఒక వడపోత అని మరువరాదు. పాదరసపు గంధకిదం, అంటే మన రససిందూరంలోని పదార్థం, ఒక్క నత్రికామ్లంలో కరగదు. దానికి ఆమ్లరాజం కావాలి. తగరపు ఆక్సైడు ఆమ్లాలకు లొంగదు. సీసపు గంధకిదాన్ని గాఢ నత్రికామ్లంలో మరిగిస్తే కొంత భాగం కరగని సీసపు సల్ఫేటుగా మారి అడుగున నిలుస్తుంది. ఇసుక పాలు కరగాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం తప్పదు. చర్మం మీద అరచేతి మేర పడినా అది లోపలికి ఇంకి రక్తంలోని కాల్షియాన్ని పట్టి గుండెను ఆపగలదు. అందుచేత దానిని వాడే ప్రయోగశాలలో కాల్షియం గ్లూకోనేటు లేపనం చేతికందే దూరంలో ఉంచుకుంటారు. పోనీ, పొడిని ముందుగా కాల్చి బూడిద చేద్దామంటే పాదరసం పొగలో పోతుంది. నా రోగి పొడికి ఏమి జరిగిందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది.

అందుకే పొడిని పొడిగా పంపే ప్రయత్నాలు 1980లలో మళ్ళీ ఊపందుకున్నాయి. 1979లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఎరిక్ సాలిన్, గ్యారీ హార్లిక్ పొడి నింపిన చిన్న గ్రాఫైటు గిన్నెను నేరుగా ప్లాస్మా క్రిందికి నెట్టారు. పాత చాపపు గుంటే కొత్త అవతారం ఎత్తిందన్నమాట. ముందు పాదరసం, వెనుక సీసం అన్న పాత రోగమూ వెంట వచ్చింది. మరికొందరు పొడిని వేరొక గ్రాఫైటు గొట్టంలో కాల్చి, ఆవిరిని మాత్రమే ఆర్గాన్‌తో ప్లాస్మాకు పంపారు. కర్బనంతో కలిసి కరుడుగట్టే మూలకాలను లేపడానికి ఫ్రియాన్ వంటి వాయువును కలిపేవారు.

వైద్యుడిగా నాకు బాగా నచ్చినది మూడవ దారి. ఇంగ్లండులోని ప్లిమత్‌లో లెస్ ఎబ్డన్ బృందం పొడిని అతి మెత్తగా నూరి, నీటిలో కలిపి, ఉండకట్టకుండా చెదరగొట్టే పదార్థం చేర్చి, ఆ పలుచని జావను ద్రావణంలాగే తుంపర చేసి పంపింది. సన్నని రంధ్రం పూడుకుపోకుండా బాబింగ్టన్ అనే అమెరికన్ చమురు పొయ్యిల కోసం తయారుచేసిన తుంపరి పనికివచ్చింది. ఈ పద్ధతి ఫలించాలంటే రేణువులు సుమారు 5 మైక్రాన్లకు లోపు ఉండాలని తేలింది. అంతకు పెద్ద రేణువులను మోసే తుంపరలు గోడలకు తగిలి కాలువలోకి జారిపోతాయి. ఒకవేళ చేరినా పూర్తిగా ఆవిరికావు. ఉబ్బసం రోగికి నెబ్యులైజరు పెట్టేటప్పుడు కూడా మేము కోరేది 1 నుండి 5 మైక్రాన్ల తుంపరనే, పెద్దవి గొంతులోనే ఆగిపోతాయి కనుక. ఊపిరితిత్తికీ, ప్లాస్మాకూ ఒకే హద్దు కుదరడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఆ మెత్తదనానికి నూరడంలో ఇంకో ప్రమాదం. జిర్కోనియా గుళ్లతో నూరితే జిర్కోనియం, టంగ్‌స్టన్ కార్బైడు గిన్నెలో నూరితే టంగ్‌స్టన్, కోబాల్టు పొడిలోకి దిగుతాయి. రోటి అరుగుదల పచ్చడిలో కలిసినట్లే.

నాలుగవది లేసరు. 1985లో ఆలన్ గ్రే కెంపు లేసరుతో ఘననమూనా ఉపరితలాన్ని చెక్కి, లేచిన సన్నని ధూళిని ప్లాస్మా ద్రవ్యరాశి మాపకానికి పంపాడు. పొడిని బిళ్ళగా అదిమితే చాలు, ఆమ్లం అక్కరలేదు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఘనపద్ధతి ఇదే. పాలపన్నును నిలువుగా కోసి, పొర వెంట లేసరును నడిపితే పసిబిడ్డ ఏ నెలలో సీసానికి గురైనదో వరుసగా తెలుస్తుంది. రక్తపరీక్ష ఈనాటి సంగతి చెబుతుంది. పన్ను గతం చెబుతుంది. అయితే లేసరు తాకేది గోరంత కూడా లేని చోటు. పొడిలో ఒక్క లోహపు రేణువు ఆ గుంటలో పడితే విలువ ఆకాశానికంటుతుంది, పడకపోతే అసలే లేదనిపిస్తుంది.

ప్లాస్మా సర్వజ్ఞం కాదని కూడా చెప్పాలి. మన నెల్లూరు జిల్లాలో 1937లో షార్ట్ ప్రభృతులు వర్ణించిన ఫ్లోరోసిస్ వ్యాధికి, నల్లగొండ పల్లెల వంగిన నడుములకు కారణమైన ఫ్లోరిన్‌ను ఈ ఆర్గాన్ ప్లాస్మా సరిగా పట్టలేదు. ఫ్లోరిన్ నుండి ఎలక్ట్రానును ఊడదీయడానికి ఆర్గాన్‌కున్న శక్తి చాలదు. దానికి వేరే ఎలక్ట్రోడు పరీక్షలున్నాయి. అలాగే పొడిలో లోహం శాతాలలో ఉంటే ప్లాస్మా దాకా పోనక్కరలేదు. 2004లో బోస్టన్ ప్రాంతపు అంగళ్లలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను ఎక్స్-కిరణాల ప్రతిదీప్తితో పరీక్షించి, 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉన్నట్లు అమెరికా వైద్యసంఘ పత్రికలో ప్రకటించారు. ఆ పద్ధతిలో పొడిని కరిగించే పని లేదు. ఆయుర్వేదాన్ని నిందించడానికి ఈ మాట చెప్పడం లేదు, పొట్లం మీద పేరు కూడా లేని పొడుల గురించి చెబుతున్నాను.

మీ ఇంట ఎవరైనా అటువంటి పొడి వాడుతూ కడుపునొప్పి, రక్తహీనత, చేతుల బలహీనతలతో బాధపడుతుంటే, రక్తంలో సీసపు పరీక్షతో పాటు ఆ పొడిని కూడా పొట్లంతో సహా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. అడుగున మిగిలినదీ, పైన ఉన్నదీ కలియబెట్టి ఇవ్వండి, బరువైన రేణువులు అడుగునే ఉంటాయి. లోహపు డబ్బాలో కాక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఇవ్వండి. నివేదిక వచ్చాక సంఖ్య చూసే ముందు ఏ ఆమ్లాలలో కరిగించారో, కరగనిది మిగిలిందో లేదో అడగండి. "సీసం లేదు" అన్న మాటకూ, "కరిగిన భాగంలో సీసం లేదు" అన్న మాటకూ ఉన్న తేడా ఒక మనిషి ప్రాణమంత.

ఆ చేనేత కార్మికునికి పొడి మాన్పించి, పట్నం నుండి డి-పెనిసిలమిన్ తెప్పించి ఇచ్చాము. నొప్పి రెండు వారాలలో తగ్గింది. రక్తం పట్టడానికి నాలుగు నెలలు పట్టింది. తిరిగి మగ్గం ఎక్కాక ఒకసారి వచ్చి ఒక తువ్వాలు ఇచ్చి వెళ్లాడు. కరగకుండా మిగిలిన ఆ పొడిలో ఇంకేమున్నదో మాత్రం తెలియనేలేదు. పొట్లంలో మిగిలిన చిటికెడు చాలాకాలం నా బల్ల సొరుగులో ఉండి, బదిలీలలో ఎక్కడో పోయింది.